నిన్నటి తేదీ

రెండు రోజులుంటానని వచ్చి, వెళ్ళేటప్పుడు అటక మీద మూటలు వదిలేసి పోయే చుట్టాలంటే నాకు ఒళ్ళు మంట. సాఫ్ట్‌వేర్లదీ అదే బుద్ధి. పాటలు కత్తిరించేదనీ, ఫోటోలో మొహం తెల్లగా చేసేదనీ, ఉచితంగా దొరికిందల్లా జనం కంప్యూటర్‌లోకి ఎక్కించుకుంటారు. విసుగు పుట్టాక తీసేస్తారు. ‘పూర్తిగా తొలగించాము’ అని అది మర్యాదగా ఒక ముక్క చెప్పి పోతుంది. పచ్చి అబద్ధం. కంటికి కనపడకుండా దాచిన ఫోల్డర్లలో దాని చిత్తుకాగితాలు, సగం సగం కాపీలు, లెక్కాపత్రం లేని తుక్కు అలాగే పడి ఉంటుంది. ఏడాది తిరిగేసరికి కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది. అప్పుడు దాన్ని చంకలో పెట్టుకుని నా దగ్గరికి వస్తారు.

మా ఇంటి వీధి వైపు గదే నా షాపు. ఒక బల్ల, రెండు కుర్చీలు, విప్పి పెట్టిన కంప్యూటర్ల పెట్టెలు, వాటి స్క్రూలు వేసుకోవడానికి మూతల్లేని మందు సీసాలు. వీధిలో నన్ను ‘చీపురు’ అంటారు, మొహం మీదే అంటారు. నేనేం అనుకోను. నా చేతిలోంచి వెళ్ళిన కంప్యూటర్‌లో వెతికినా పిసరంత చెత్త దొరకదు, ఆ మాట కూడా వాళ్ళే అంటారు.

బల్ల వెనక గోడకు ఒక కాగితం అంటించాను. ‘తేదీ చూడకుండా ఏదీ తీయకూడదు.’ ఇది నా వృత్తిలో నేను నేర్చుకున్న ఒకే ఒక్క ధర్మం. ప్రతి ఫైలు పక్కనా అది చివరిసారి ఎప్పుడు మారిందో రాసి ఉంటుంది. తేదీ పాతదైతే అది చెత్త. తాజాదైతే, పేరు ఎంత పిచ్చిగా ఉన్నా, ఎక్కడ నక్కి ఉన్నా, అందులో ఎవరో ఇంకా కాపురం ఉంటున్నట్టు. వచ్చిన ప్రతివాళ్ళకీ ఈ పాఠం చెబుతాను. వినీ వినీ మా వదినకు కూడా అది కంఠతా వచ్చేసింది.

వదిన అంటే మా ఆయన అక్క. మొగుడితో తెగతెంపులు చేసుకుని, ఒక ఎంబ్రాయిడరీ మెషీను, రెండు పెట్టెలతో నాలుగేళ్ళ క్రితం మా ఇంటికి వచ్చింది. రెండు వారాలుంటానంది. ఆ రెండు వారాలు ఇంకా పూర్తి కాలేదు. నాకూ ఆవిడకీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. మా ఆయన్ని నువ్వు అంటాను గానీ ఆవిడని మాత్రం మీరు అంటాను. మనిషిని దూరం పెట్టడానికి అంతకన్నా మంచి మాట నాకు దొరకలేదు. మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. రోజంతా జనాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి మోస్తాడు, ఇంటికొచ్చి మా ఇద్దరి మాటలు ఈ గది నుంచి ఆ గదికి మోస్తాడు. అడకత్తెరలో పోకచెక్క అయిపోయాడు పాపం. జాలి వేస్తుంది కానీ ఆ జాలి కోసం నేను నోరు మూసుకోలేను.

వెనక గదిలో ఇంటి కంప్యూటర్ ఒకటి ఉంది. మా ఆయన డ్యూటీ చార్టు చూసుకోవడానికీ, వదిన డిజైన్లు గీయడానికీ. ఆవిడ వచ్చిన మొదటి ఏడాది దాని తెర చూస్తే నాకు కళ్ళు తిరిగేవి. ‘కొత్తది’, ‘కొత్తది రెండు’, ‘అసలు కొత్తది’, ‘ఇదే’ అంటూ తెర నిండా ఆరబోసిన బట్టల్లా ఫైళ్ళు. ఒక రోజు మొత్తం ఊడ్చి పారేశాను. అవి ఆవిడ నెల రోజుల పనట. ఇల్లు ఎగిరిపోయేలా గొడవ పడింది. “పేర్లు సరిగ్గా పెట్టుకోవాలి మరి” అన్నాను. క్షమించమని మాత్రం అనలేదు. ఆ తర్వాత తెర మీద ఒక్క ఫైలు కనిపిస్తే ఒట్టు. మొత్తానికి దారికొచ్చింది అనుకున్నాను, లోలోపల మురిసిపోయాను కూడా.

ఆ మంగళవారం పొద్దున బట్టలు ఉతికే మెషీను నీళ్ళు వదలకుండా మొరాయించింది. కింద మూత విప్పితే రంగురంగుల దారపు పోగులు ఉండలు కట్టి పిడికెడు బయటికి వచ్చాయి. ఆవిడ దారాలే. బట్టలకు అంటుకుని వెళ్ళి లోపల పేరుకున్నాయి. నాలుగేళ్ళుగా చెబుతున్నాను, ఉతకడానికి వేసే ముందు దులపండని. గోడకు చెప్పినట్టే. తడి ఉండని తీసుకెళ్ళి ఆవిడ గది గుమ్మంలో పెడదామని వెళ్ళాను. గదిలో ఆవిడ లేదు. దండెం మీద ఉండాల్సిన నీలం చీర లేదు, మంచి చెప్పులు లేవు. ఎక్కడికి వెళుతోందో చెప్పి వెళ్ళే అలవాటు ఆవిడకి లేదు, అడిగే అలవాటు నాకూ లేదు.

కంప్యూటర్ మాత్రం అక్కడే ఉంది. దాని మీద ఆవిడ ఎంబ్రాయిడరీ ప్రోగ్రామ్ గుర్తు, పాతది, ఉచితంగా దొరికినది, తెరిచినప్పుడల్లా ఏదో ఒకటి కొనుక్కోమని పది సార్లు పోరు పెట్టే రకం. అది తీసేసి కొత్తది వేస్తానని ఎన్నిసార్లు కబురు పెట్టినా, ముట్టుకోవద్దని తిరుగు కబురు వచ్చేది. చేతికి ఇంకా తడి దారాలు అంటుకునే ఉన్నాయి. తుడుచుకున్నా పూర్తిగా పోలేదు, అలాగే కుర్చీలో కూర్చున్నాను. ఆవిడ లేదు, నాకు టైముంది, కడుపు మండుతోంది. తీసేశాను.

‘పూర్తిగా తొలగించాము’ అంది.

నాకా ఆ కబుర్లు చెప్పేది? దాచినవాటిని చూపించే మీట నొక్కాను. ఉంది. అర్థం పర్థం లేని పేరుతో ఒక ఫోల్డర్, లోపల నూట పన్నెండు ఫైళ్ళు. పేర్లు లేవు, అంకెలు మాత్రమే. పనిలో ఉండగా కరెంటు పోతేనో, సేవ్ చేయకుండా ఎవరైనా కట్టేస్తేనో ఇలాంటి ప్రోగ్రాములు తమంతట తాము ఒక కాపీ రహస్యంగా పక్కన పెట్టుకుంటాయి. అక్కర తీరాక పారేయాలి. ఇది పారేయలేదు. మూడేళ్ళ తుక్కు కుప్ప పోసుకుంది. ఎంచుకుని తీశాను. మామూలుగా తీస్తే మళ్ళీ రప్పించుకోవచ్చు కనుక, నా దగ్గరున్న తుడిచే ప్రోగ్రామ్ కూడా పెట్టాను. అది ఆ జాగా మొత్తం మీద సున్నాలు రాసుకుంటూ పోతుంది, సున్నం కొట్టిన గోడలా చేసి వదులుతుంది. ఆకుపచ్చ గీత మెల్లగా పాకడం మొదలైంది. వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీద అన్నం పెట్టాను.

పన్నెండున్నరకు మా ఆయన భోజనానికి వచ్చాడు. చేతులు కడుక్కుంటూ వెనక గది వైపు చూశాడు. “అక్క ఇంకా రాలేదా?”

“నాకేం తెలుసు. నాకు చెప్పి వెళుతుందా?”

పీట మీద కూర్చుని కంచం దగ్గరికి లాక్కున్నాడు. ఆ మనిషికి కడుపులో ఏదైనా ఉంటే ముద్ద దిగదు. “నీకు చెప్పొద్దంది. కానీ సాయంత్రానికి ఎలాగూ తెలుస్తుంది. ఫోటో తీయించుకోవడానికి వెళ్ళింది. నాలుగింటికి ఇంటర్వ్యూ. బట్టల కంపెనీలో, డిజైన్ల పని. వస్తే వాళ్ళే ఉండటానికి గది ఇస్తారంట.”

దాచడం ఎందుకు, నా మనసు గాల్లో తేలింది. గది ఇస్తారు. అంటే పోతుంది. వెనక గది ఖాళీ అవుతుంది, ఉతికే మెషీను నీళ్ళు వదులుతుంది, నా ఇంట్లో నేను గట్టిగా పాట పాడుకోవచ్చు. “శుభం” అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. “నాకు చెబితే నేనేమైనా అడ్డం పడతానా?”

“పడతావని కాదు. నీ చేతికి దొరికితే ఏమవుతాయోనని భయం. చేసిన పని చూపించమన్నారు. మూడేళ్ళ డిజైన్లున్నాయి. ఆకుల అంచు ఒకటి ఎనిమిది నెలల నుంచి గీస్తోంది, దాని మీదే ఆశంతా.”

“తెర మీద ఒక్కటీ లేదుగా.”

“ఎందుకుంటాయి? సేవ్ నొక్కితే నీకు కనపడతాయని అసలు నొక్కదు. పనయ్యాక అలాగే కట్టేస్తుంది. మర్నాడు తెరిస్తే ప్రోగ్రామే అడుగుతుందట, మధ్యలో ఆగిపోయిన పనులున్నాయి తెమ్మంటావా అని. తెమ్మంటే అన్నీ వరసగా తెస్తుంది. అది ఎక్కడ దాస్తుందో నాకే తెలీదు, ఇంక మరదలికేం తెలుస్తుంది అని నవ్వింది. ఇవాళ వచ్చాక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంటానంది.”

 చేతిలో గరిట ఎక్కడ పెట్టానో తెలియదు. పరిగెత్తుకు వెళ్ళేసరికి ఆకుపచ్చ గీత సగం దాటింది. యాభై ఎనిమిది శాతం. ఆపు అనే బటన్ నొక్కితే ‘నిజంగా ఆపమంటారా’ అని అడిగింది. గోడలోంచి ప్లగ్గు పీకేశాను.

కంప్యూటర్‌ని నా బల్ల మీదికి తెచ్చి, హార్డ్ డిస్కు విప్పి, పోయినవాటిని వెతికే ప్రోగ్రామ్ పెట్టాను. మా ఆయన గుమ్మంలో నిలబడ్డాడు, అన్నం చెయ్యి ఎండిపోతోంది. ఏమైందో నా వాలకం చూస్తేనే అర్థమై ఉంటుంది. ఒక్కొక్క ఫైలూ బయటికి వస్తోంది. పువ్వు సగం ఉన్నది ఒకటి, కాడ మాత్రమే ఉన్నది ఒకటి, ఏమీ లేని బూడిద రంగు పలక ఒకటి. మంచివి కూడా వచ్చాయి, అబద్ధం ఎందుకు. పిట్టలు, తీగలు, గళ్ళ మీద గళ్ళు. ఆవిడకు ఇంత పని వచ్చని నాకు తెలియదు. నాలుగేళ్ళలో ఆవిడ గీసింది ఒక్కటి కూడా నేను తెరిచి చూడలేదు, ఊడ్చేటప్పుడు కూడా.

నూట పన్నెండింటిలో నలభై ఏడు దక్కాయి. ఆకుల అంచు తెరిస్తే ఎడమ మూల నాలుగు ఆకులు వచ్చాయి, మిగతాదంతా చారలు.

ఒకటిన్నరకు వదిన వచ్చింది. చేతిలో ఫోటోల కవరు. జుట్టు నున్నగా దువ్వుకుంది. బల్ల మీద విప్పి ఉన్న డిస్కునీ, పక్కన కంప్యూటర్ డొల్లనీ, మా ఇద్దరి మొహాలనీ వరసగా చూసింది. చెప్పులు విడవలేదు.

“ఏమైంది తమ్ముడూ?”

మా ఆయన నా వైపు చూశాడు. ఆ ఒక్క రోజు మాటలు మోయడానికి ఆయన ఒప్పుకోలేదు.

“ప్రోగ్రామ్ తీసేశాను” అన్నాను. “లోపల ఉన్నవి చెత్త అనుకున్నాను. మీవని తెలీదు. నలభై ఏడు వచ్చాయి.”

“అంచు?”

“రాలేదు.”

అరుస్తుందనుకున్నాను. అరిస్తే నాకూ అరవడానికి కావలసినన్ని ఉన్నాయి, దారాల ఉండ దగ్గర నుంచి మొదలుపెట్టి. ఆవిడ బల్ల చుట్టూ తిరిగి వచ్చి నా వెనక గోడ మీది కాగితం చదివింది. ఆ ఫైళ్ళ గొడవ తర్వాత మొదటిసారి, మధ్యలో ఎవరూ లేకుండా, నాతోనే మాట్లాడింది.

“తేదీ చూశావా?”

 చూడలేదంటే సరిపోతుంది. కోపంలో ఉన్నాను, తొందరలో ఉన్నాను, చూడలేదు. ఎవరైనా నమ్ముతారు. మా ఆయనైతే నమ్మడానికి సిద్ధంగా ఉన్నాడు, నా మొహం వైపు బతిమాలుతున్నట్టు చూస్తున్నాడు.

కానీ చూశాను. అక్షరం కూడా పొల్లుపోకుండా గుర్తుంది. వరసలో అన్నిటికన్నా కింద ఉన్న ఫైలు పక్కన నిన్నటి తేదీ ఉంది. వేలు మౌస్ మీద ఆగింది. చెత్తకు నిన్నటి తేదీ ఉండదని నాకన్నా ఎక్కువ ఎవరికి తెలుసు? తెరిచి చూడటానికి అర నిమిషం చాలు. చేతికి దారాలు చిరచిరలాడుతున్నాయి. ఏదైతే అదే అవనీ అనుకున్నాను. ఇంటర్వ్యూ సంగతి తెలీదు, అంచు సంగతి తెలీదు, అంతవరకూ నిజం. ఆవిడదేదో ఉందని మాత్రం తెలుసు. తెలిసే నొక్కాను.

“చూశాను” అన్నాను.

“ఏముంది?”

“నిన్నటిది.”

“ఎన్నింటికి?”

“సాయంత్రం ఐదూ నలభై.”

ఆవిడ తల ఊపింది, లెక్క సరిపోయినట్టు.  రెండింటికి బస్సెక్కాల్సిన మా ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నేను పెన్‌డ్రైవ్‌లోకి నలభై ఏడూ ఎక్కించి బల్ల అంచున పెట్టాను. చేతికి ఇస్తే తీసుకోదని తెలుసు. తీసుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆరున్నరకు తిరిగి వచ్చింది. అప్పటిదాకా నేను ఒక్క కంప్యూటర్ ముట్టుకోలేదు, బేరానికి వచ్చిన ఇద్దరిని రేపు రమ్మన్నాను. ఉద్యోగం రావాలని అంతగా ఎప్పుడూ కోరుకోలేదు, నా ఉద్యోగం కోసం కూడా. ఆవిడ మీద ప్రేమ పుట్టుకొచ్చి కాదు. ఉద్యోగం వస్తే నేను చేసింది చిన్నదైపోతుంది, అందుకు.

బస్సు దిగి వచ్చిన మా ఆయనతో ఆవిడ గుమ్మంలోనే చెప్పింది, నాకు వినపడేలా. “చేతిపని బాగుందన్నారు. చిన్నవే ఉన్నాయి, పెద్ద పని ఒక్కటైనా పూర్తిగా చూపించాలన్నారు. ఆర్నెల్ల తర్వాత మళ్ళీ తీసుకుంటారంట, అప్పుడు రమ్మన్నారు.”

“ఆర్నెల్లేగా అక్కా” అన్నాడు ఆయన. ఇంకేమంటాడు?

మర్నాడు పొద్దున లేచేసరికి షాపు గదిలో చప్పుడు. వదిన వెనక గదిలోంచి కంప్యూటర్ తెరనీ, తన బల్లనీ ఈడ్చుకొచ్చి నా బల్లకు ఎదురుగా వేసుకుంటోంది. స్క్రూల సీసాలు జరిపి దారం రీళ్ళు పెట్టుకుంది. ఎందుకని అడిగాను. “ఇన్నాళ్ళూ దాచుకుని చేశాను. ఇంక నీ కళ్ళ ముందే చేస్తాను.”

డిస్కు తిరిగి బిగించి ఆ ప్రోగ్రామ్ మళ్ళీ నేనే ఎక్కించాను, అదే పాతది. రోజంతా ఆవిడ గీస్తుంది, నేను ఊడుస్తాను, మధ్యలో మూడు అడుగుల జాగా. వచ్చిన వాళ్ళు ఇద్దరం కలిసిపోయామనుకుని ముచ్చట పడుతున్నారు. పడనీ. దారపు పోగులు నా స్క్రూలలోకి వస్తున్నాయి, ఆవిడ దగ్గు నా తలలోకి వస్తోంది. ఆవిడంటే నాకు ఇప్పటికీ పడదు. నేనంటే ఆవిడకి అసలు పడదు.

ఐదూ నలభైకి ఆవిడ ప్రోగ్రామ్ మూస్తుంది. సేవ్ చేయాలా వద్దా అని అది అడుగుతుంది. ఆవిడ ఏదీ నొక్కదు. కుర్చీ వెనక్కి జరిపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, “మరదలా” అంటుంది. షాపులో ఎవరున్నా సరే. నేను లేచి వెళ్ళాలి. రెండు బటన్లు పక్కపక్కనే ఉంటాయి, నేను సేవ్ నొక్కాలి. ఆ తర్వాత ఫైలు పక్కన ఉన్నది పైకి చదవాలి. తేదీ, టైము. చదివాక ఆవిడ కంప్యూటర్ కట్టి లోపలికి వెళుతుంది. మొదటి రోజు చదవనని మొరాయించాను. ఆవిడ కదల్లేదు, ఎదురుగా ఉన్న కాగితం చూస్తూ కూర్చుంది. చదివాను.

నిన్న ఒక డిస్కు కోసం ఊరి అవతలి దుకాణానికి వెళ్ళాను. తిరిగి వస్తుంటే దారిలో బండి పాడైంది. ఇంటికి చేరేసరికి ఏడున్నర. ఇవాల్టికి తప్పించుకున్నాను, విసుగెత్తి తనే నొక్కుకుని ఉంటుంది అనుకుంటూ తలుపు తోశాను.

లైటు కూడా వేసుకోలేదు. తెర వెలుగులో ఆకుల అంచు, దాని మధ్య ఆ ప్రశ్న. వదిన చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుని ఉంది. దాదాపు రెండు గంటలు. ఆ రెండు గంటల్లో ఒక్కసారి కరెంటు పోతే ఆ రోజు పని పోయేది. ప్రోగ్రామ్ తనంతట తాను చాటుగా దాచే కాపీలేవీ ఇప్పుడు లేవు, ఆ సదుపాయాన్ని ఆవిడే నా చేత తీసేయించింది.

సంచీ కూడా దించకుండా వెళ్ళి సేవ్ నొక్కాను. తేదీ చదివాను, టైము చదివాను.  అంచుకు ముందు రోజుకన్నా మూడు ఆకులు ఎక్కువున్నాయి, నాలుగో ఆకుకి ఈనె గీసి ఉంది.

“రేపు తొందరగా రా” అంది వదిన, కంప్యూటర్ కట్టేస్తూ.